అత్తగారు చూసిన ఇల్లు

టేపక్కకి తామున్న అద్దె ఇల్లంటే పంతొమ్మిదేళ్ళుగా పడదు. వంటగది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. పట్టపగలు పన్నెండింటికి కూడా లైటు వేసుకుని కూర తరగాల్సిందే. నాలుగు చినుకులు పడితే చాలు, పడమటి గోడ చెమ్మపట్టి బూరెలా ఉబ్బుతుంది. వీధి తలుపుకి గడియ పడాలంటే రెండు చేతులా తలుపుని పైకెత్తి, మోకాలితో ఒక్క నెట్టు నెట్టాలి. పెరట్లో కుళాయి సంగతి చెప్పుకోకపోవడమే మేలు.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. బట్టలు కుడుతుంది. మెడలో కొలత టేపు లేకుండా ఆమెని చూసినవాళ్ళు లేరు. కూరలకెళ్ళినా అదే, ఆసుపత్రికెళ్ళినా అదే. అందుకే పెద్దా చిన్నా అందరికీ టేపక్క. మొగుడు ప్రెస్సులో మిషను నడుపుతాడు. ఒక్కతే కూతురు. చదువైపోయి వేరే ఊళ్ళో నర్సుగా చేస్తోంది. ఇంట్లో ఇక మిగిలింది అత్తగారు.

ఆ అత్తగారి గురించి కాస్త చెప్పుకోవాలి. ఆవిడ నలభయ్యేళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసింది. చెవులకి హెడ్‌ఫోను, చేతిలో తీగలు. ఊళ్ళో ఎవరు ‘హలో’ అన్నా గొంతుని బట్టి మనిషిని చెప్పేసేదట. రిటైరయ్యాక కళ్ళు మెల్లమెల్లగా మసకబారాయి. డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేశారు. అయిదేళ్ళ కిందట ఉన్న కాస్త వెలుతురూ పోయింది. అయినా ఆ ఇంట్లో ఆవిడ నడుస్తుంటే కొత్తవాళ్ళెవరూ కనిపెట్టలేరు. మంచం దగ్గర్నించి వంటగదికి పదకొండు అడుగులు, అక్కణ్ణించి పెరటి గుమ్మానికి ఏడు. టీ తనే పెట్టుకుంటుంది. గ్లాసులో టీ ఎంతవరకు వచ్చిందో చప్పుడుని బట్టే తెలుస్తుంది ఆవిడకి.

ఇంతకీ కథ ఎక్కడ మొదలైందంటే, రెండు వీధుల అవతల ఒక అపార్టుమెంటు లేస్తోంది. పునాదికి గొయ్యి తవ్విన రోజు నుంచీ టేపక్క ప్రతి ఆదివారం అటుగా వెళ్ళి చూసొచ్చేది. గోడలు లేవకముందే మూడో అంతస్తులో తూర్పు వైపు ఇల్లు తనదేనని మనసులో రాసేసుకుంది. గోడలు లేచాక మెడలోని టేపు తీసి గదులన్నీ కొలిచింది. బిల్డరు నవ్వి, “అక్కా, మా ఇంజినీరు కొలిచినవే మళ్ళీ కొలుస్తున్నావా?” అన్నాడు.

“మీ ఇంజినీరు ఇంట్లో కాపురం చెయ్యడు కదా,” అంది టేపక్క. వంటగదిలో అరంగుళం తేడా వచ్చిందని పట్టుకుని చూపించింది కూడా.

ఆమె కోరిక చాలా చిన్నది. పెళ్ళయిన ఇరవై అయిదేళ్ళలో ఆమె ఏ ఇంట్లో అడుగుపెట్టినా, గోడలకి అంతకుముందు ఎవరో కొట్టిన మేకులే ఉండేవి. ఎవరో తలుపు మీద గీసిన గీతలు, ఎవరి నూనె మరకలో. “ఒక్కసారైనా మొదటి మేకు నేను కొట్టాలండీ,” అనేది మొగుడితో. ఆయన సరేనన్నాడు. అడ్వాన్సు ఇవ్వడం ఒక్కటే మిగిలింది.

సరిగ్గా అప్పుడే వచ్చాడు ఇంటాయన. మనిషి మంచివాడు. పంతొమ్మిదేళ్ళలో అద్దె పెంచమని గట్టిగా అడిగింది రెండుసార్లు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అన్నాడు. “అమ్మా, నేనింక ఒంటరిగా ఉండలేను. మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నాను. ఈ ఇల్లు అమ్మేస్తాను. బయటివాళ్ళకి చెప్పే ముందు మీకు చెప్పాలనిపించింది. ఇన్నాళ్ళూ ఉన్నది మీరు.” చెప్పిన ధర కూడా అపార్టుమెంటుకి ఇంచుమించు సమానంగానే ఉంది.

ఆయన వెళ్ళాక టేపక్క మళ్ళీ మిషను ముందు కూర్చుంది. ఇందులో ఆలోచించడానికేముందని ఆమె ధీమా. మొగుడు మాత్రం గుమ్మంలోనే నిలబడ్డాడు. కాసేపటికి మెల్లగా అన్నాడు, “ఏమోయ్, ఇదే తీసుకుంటే ఎలా ఉంటుందంటావు?”

మిషను ఆగింది.

“అమ్మకి ఈ ఇల్లే కళ్ళు,” అన్నాడాయన. “కొత్తింట్లో బాత్రూముకి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. ఈ వయసులో ఆమెని మళ్ళీ గుడ్డిదాన్ని చెయ్యమంటావా?”

ఆ మాటతో టేపక్క నోరు కట్టేసినట్టయింది. ఏమంటుంది? కాదంటే తను రాక్షసి అయిపోతుంది. “మీ ఇష్టం,” అంది. పెళ్ళాం ‘మీ ఇష్టం’ అందంటే అది ఇష్టం కాదని ఆయనకీ తెలుసు. తెలిసీ తల దించుకున్నాడు. సాయంత్రం కూతురు ఫోన్ చేస్తే, “నానమ్మ సంగతి చూసుకోండమ్మా,” అని అదీ అటే మాట్లాడింది.

మూడు రోజులు టేపక్క ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు. పని చేసుకుంటూ పోయింది. నాలుగో రోజు పొద్దున అత్తగారు మంచం మీద నించే పిలిచింది.

“అమ్మాయ్, ఆ మిషనేం పాపం చేసింది?”

“ఏమైందత్తయ్యా?”

“మూడ్రోజులుగా దాన్ని తొక్కుతున్నావా, తంతున్నావా? జాకెట్టు చెయ్యి కుట్టినా దుప్పటి కుట్టినట్టే చప్పుడు. ఇలా వచ్చి కూర్చో. వాడూ నువ్వూ గుసగుసలాడుకున్నదంతా విన్నాను. చెవులు పనిచేసే మనిషి ఇంట్లో ఉన్నప్పుడు గుసగుసలాడకూడదు.”

టేపక్క వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్కు ఎగబీల్చకుండా జాగ్రత్తపడింది గాని, ఆ జాగ్రత్త కూడా అత్తగారికి వినబడింది.

“ఏడవకు. వాణ్ణి సెలవు పెట్టమను. నన్ను ఆ కొత్తిల్లు చూడ్డానికి తీసుకెళ్ళండి,” అంది ఆవిడ.

చూడ్డానికి అనే అంది. 

మర్నాడు వెళ్ళారు. లిఫ్టు ఇంకా పెట్టలేదు. ఆవిడ కొడుకు భుజం పట్టుకుని మెల్లగా ఎక్కింది. “యాభై నాలుగు మెట్లు,” అంది పైకొచ్చాక, రొప్పుతూ. ఇంట్లోకి రాగానే అందర్నీ మాట్లాడకుండా ఉండమని, రెండు చేతులూ ఎత్తి ఒక్క చప్పట కొట్టింది. ఖాళీ గదిలో అది ఠంగుమని మోగింది.

“పెద్ద గదే,” అంది. “ఇంకా గొంతు కుదుర్లేదు దీనికి. సామాను పడితే సర్దుకుంటుంది.”

గోడ మీద అరచెయ్యి పెట్టి నడిచింది. ఒక్కో తలుపు దగ్గరా ఆగి చట్రం తడిమింది. స్విచ్చులు ఎంత ఎత్తులో ఉన్నాయో చూసుకుంది. తడి సున్నం వాసన, కొత్త చెక్క వాసన. టేపక్క వెనకాలే ఊపిరి బిగబట్టి నడుస్తోంది, ఎక్కడ కాలు తడబడుతుందోనని. వంటగదిలోకి వచ్చేసరికి ఆవిడ టక్కున ఆగిపోయింది. పొద్దుటి ఎండ నేరుగా వచ్చి మొహం మీద పడింది. ఆవిడ మొహాన్ని అలాగే ఎండకి ఎత్తి పట్టుకుని, పూర్తిగా రెండు నిమిషాలు నిలబడింది.

“ఇక్కడ లైటు వేసుకోకుండా తరుక్కోవచ్చు నువ్వు,” అంది చివరికి.

కొడుకు గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, అది కాదు. ఆ ఇంట్లోనైతే నీకు కళ్ళున్నట్టే ఉంటుంది కదా.”

“ఉంటుందిరా. కానీ అక్కడ నాకు కనబడేవేమిటో తెలుసా? అయిదేళ్ళ కిందట చూసినవే. గోడకి అదే ఆకుపచ్చ రంగు. మీ నాన్న అదే మూల అదే కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చునుంటారు. ఈ పిల్ల జుట్టు ఇంకా నల్లగానే ఉంది. ఒక్కటీ కదలదు. హాయిగానే ఉంటుంది, కాదనను. పొద్దున్న లేవగానే అందర్నీ పలకరించినట్టుంటుంది. కానీ ఆ హాయిలో పడి నేనూ కదలడం మానేశాను. ఎక్స్ఛేంజిలో చేరిన కొత్తలో నాలుగు వందల నంబర్లు ఇరవై రోజుల్లో బట్టీపట్టినదాన్ని. ఒక ఇంటికి నాలుగు గదులు నేర్చుకోలేనా? నేర్చుకోలేకపోతే అదైనా తెలియాలిగా నాకు.”

తర్వాత కోడలి వైపు తిరిగింది. సరిగ్గా ఆమె ఉన్న వైపే. “నా పేరు చెప్పి ఆ ఇల్లు కొనకండి. నేను పోయాక గోడ చెమ్మపట్టినప్పుడల్లా నన్ను తిట్టుకుంటారు.”

అలా అపార్టుమెంటు ఖాయమైంది. టేపక్క కోరుకున్నదే జరిగింది. ఎగిరి గంతెయ్యాలి న్యాయంగా. ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంటే ఎందుకో చెయ్యి ఆడలేదు.

వారం తిరక్కుండా ఇంటాయన వేరే బేరం చూసుకున్నాడు. కొత్తగా పెళ్ళైన జంట. కుర్రాడు గడియారాలు బాగుచేస్తాడు, అమ్మాయి బళ్ళో లెక్కల టీచరు. ఇంటాయన ఒంట్లో బాగాలేక, “అమ్మా, నువ్వే చూపించు, నాకంటే ఆ ఇల్లు నీకే తెలుసు,” అని కబురంపాడు.

టేపక్క నిజాయితీగా ఉండాలని నిర్ణయించుకుంది. ముక్కూ మొహం తెలియని చిన్నపిల్లల్ని మోసం చెయ్యడమెందుకు? ఉన్న లోపాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పేద్దామనుకుంది. 

“ముందే చెబుతున్నాను, ఈ తలుపు ఒక పట్టాన పడదు,” అని మొదలెట్టింది. “ఇదిగో, ఇలా ఎత్తి, ఇలా నెట్టాలి. మా అమ్మాయికి పదేళ్ళు వచ్చేదాకా చేతకాలేదు. మొదటిసారి తనంతట తను గడియ పెట్టిన రోజు తీసి పెట్టి, తీసి పెట్టి మా ప్రాణాలు తీసింది. వాళ్ళ నాన్న డ్యూటీ నించి వచ్చి గంటసేపు బయటే నిలబడ్డారు, అది తీసేది కాదు. ‘పాస్‌వర్డు చెప్పు’ అనేది లోపల్నించి.”

ఆ అమ్మాయి పకపకా నవ్వింది.

“ఇదిగో, ఈ గోడ. వానాకాలం చెమ్మ ఊరుతుంది. ఎన్ని రంగులేసినా ఇంతే. మా మావయ్యగారు విసిగిపోయి, ఒకసారి ఆ మరక చుట్టూ పెన్సిలుతో గీత గీశారు. చూస్తే ఒంటెలా ఉంది. మనవరాలు మురిసిపోయింది. మరుసటేడు ఇంకో మూపురం వచ్చింది. ఆ పైయేడు మెడ సాగింది. వానలెప్పుడొస్తాయా, ఒంటె ఎంత పెరుగుతుందా అని తాతా మనవరాలూ ఎదురుచూసేవాళ్ళు.” దగ్గరికెళ్ళి వేలితో చూపించింది. పాత రంగు కింద పెన్సిలు గీత లీలగా కనబడుతూనే ఉంది. “ఆయన పోయి నాలుగేళ్ళయింది. తర్వాత ఎవరూ గియ్యలేదు.”

వంటగదిలోకి తీసుకెళ్ళింది. “ఇది మరీ చీకటి. కిటికీ ఉండీ లేనట్టే. ఎదురుగా పక్కింటి గోడ, అందులో వాళ్ళ కిటికీ. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పదకొండు రోజులు పక్కింటావిడ ఈ కిటికీలోంచే అన్నం గిన్నె అందించింది. వీధి చుట్టూ తిరిగి రావడమెందుకని. నేను మంచం మీద నించి వింటూ ఉండేదాన్ని, గిన్నె చువ్వలకి తగిలి టింగుమనేది. మా అత్తగారు వెళ్ళి అందుకునేవారు. అప్పటికావిడ ఉద్యోగంలోనే ఉన్నారు, నా కోసం సెలవు పెట్టారు.”

చెబుతూ చెబుతూ ఆగింది. లోపం చెప్పబోయి తను చెబుతున్నదేమిటో ఆమెకి అప్పుడు వినబడింది.

పెరట్లో కుళాయి తిప్పింది. గొట్టంలో గాలి చాలాసేపు ఈలేసింది, నీళ్ళు రాలేదు. “దీనికి ఓపిక కావాలి,” అంది.

లోపల్నించి అత్తగారి గొంతు వినబడింది. “పాట అయిపోయాక బకెట్టు పెట్టమను. ముందే పెడితే మట్టి నీళ్ళొస్తాయి.”

ఆ జంట ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళ కళ్ళలో ఇల్లు నచ్చేసినట్టు తెలుస్తూనే ఉంది. వెళ్ళబోతూ ఆ అమ్మాయి అడిగింది, “అక్కా, ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఇంత ఇష్టమైన ఇల్లు ఎందుకు వదిలేస్తున్నారు?”

టేపక్క వంటగది వైపు చూసింది. మెడలో టేపు కొసని వేలికి చుట్టుకుంటూ, “వంటగది చీకటమ్మా,” అంది.

ఇల్లు ఖాళీ చేసే రోజు వచ్చింది. సామానంతా బండిలోకి ఎక్కాక, కొన్నవాళ్ళు ఎలాగూ రంగులేయించుకుంటారని తెలిసి కూడా టేపక్క చీర ఎగ్గట్టి, రెండు బకెట్ల నీళ్ళు పెట్టుకుని ఇల్లంతా కడిగింది. మొగుడు, “ఎందుకోయ్ ఇప్పుడిది?” అన్నాడు గాని ఆపలేదు. ముందు గదిలో ఎర్ర గచ్చు మీద, మిషను ఉన్న చోట, కుర్చీ నాలుగు కాళ్ళూ అరగదీసిన తెల్లటి గుంటలు నాలుగు. ఎన్ని చొక్కాలు కుట్టిందో అక్కడ కూర్చుని. మధ్యాహ్నం రెండు వరకే వెలుతురుండేది ఆ చోట. ఆ రెండింటిలోపు సన్నపని ముగించుకునేది. తడిగుడ్డతో ఆ గుంటల్ని ఒక్కొక్కదాన్నే తుడిచింది. వాటిని చూసి ఏడుపొస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. వచ్చింది. గచ్చు ఎలాగూ తడిగానే ఉంది కాబట్టి తెలియలేదు.

అత్తగారు మంచం లేని గదిలో ఒకసారి అటూ ఇటూ నడిచింది. అడుగులు లెక్కపెట్టుకోలేదు. మామగారి కుర్చీ ఉండే మూలకి వెళ్ళి, గోడకి వీపు ఆనించి కాసేపు నిలబడింది. “పదండి,” అంది.

కొత్తింట్లో మొదటి నెల తల ప్రాణం తోకకొచ్చింది. అత్తగారు బాత్రూమనుకుని బీరువా తలుపు తీసింది. రెండుసార్లు మోకాలు కొట్టుకుంది. పింగాణీ కప్పు పగలగొట్టి, ముక్కలు తనే ఏరబోయి వేలు కోసుకుంది. అప్పటిదాకా తన పని తను చేసుకున్న మనిషి, “అమ్మాయ్” అని పిలవడానికి మొహమాటపడుతూ మంచం మీదే కూర్చుండిపోయేది. ఒక మధ్యాహ్నం వంటగదికీ గదికీ మధ్య దారి తప్పి, గోడకి చెయ్యి ఆనించి కదలకుండా నిలబడి ఉంటే టేపక్క చూసింది. ఎంతసేపట్నించీ అలా నిలబడిందో. నాలుగు వందల నంబర్లు బట్టీపట్టిన మనిషి.

“తప్పు చేశానత్తయ్యా,” అంది టేపక్క, ఆవిడ చెయ్యి పట్టుకుని. “నా వంటగది కోసం మిమ్మల్ని ఇక్కడికి తెచ్చాను.”

“నువ్వు తేలేదు, నేనొచ్చాను,” అంది ఆవిడ విసుగ్గా. “ఏడుపు ఆపి ఏదైనా ఉపాయం చూడు. నాకు ఇక్కడ తలుపులన్నీ ఒకేలా తగులుతున్నాయి. అన్నీ నున్నగా చచ్చాయి.”

ఆ మాట టేపక్కకి అందింది. గుడ్డముక్కల సంచి దింపింది. ఆ సాయంత్రానికల్లా తలుపు పిడులన్నింటికీ తలో గుడ్డా చుట్టి కుట్టేసింది. బాత్రూముకి మఖ్మలు, వంటగదికి గరుకు జీన్సు, అత్తగారి గదికి పాత చీర పట్టు అంచు, బీరువాకి గోనె. మంచం నించి వంటగది దాకా గోడ వెంట, ఆవిడ చెయ్యి ఎత్తున, సన్నటి నాడా ఒకటి కట్టింది. దాని కోసం గోడకి మేకులు కొట్టాల్సొచ్చింది. చకచకా కొట్టేసింది. అదే ఆ ఇంట్లో మొదటి మేకు అని ఆమెకి తట్టనే లేదు.

ఆపైన ఆవిడని ఎవరూ ఆపలేకపోయారు. మొదటి వారం నాడా పట్టుకుని నడిచింది. రెండో వారం వేలి కొస మాత్రం ఆనించింది. నలభయ్యో రోజు పొద్దున టేపక్క నిద్ర లేచేసరికి వంటగదిలో గ్లాసులో టీ పడుతున్న చప్పుడు. లేచి వెళ్ళకుండా పడుకునే విన్నది. కాసేపటికి అత్తగారు వచ్చి, “ఆ గుడ్డలన్నీ పీకెయ్యి, చిన్నపిల్లల బడిలా ఉంది ఇల్లు,” అని హుకుం జారీ చేసింది. పట్టు అంచు మాత్రం ఉంచమంది. చేతికి బాగుంటుందట.

మూడో నెలలో ఒక రోజు ఆవిడతో పాటు ఎక్స్ఛేంజిలో పనిచేసిన స్నేహితురాలు ఫోన్ చేసింది. ఇల్లెలా ఉందని అడిగి ఉంటుంది. అత్తగారు బాల్కనీలో కుర్చీ వేసుకుని ఏకరువు పెట్టడం మొదలెట్టింది. 

“పెద్ద హాలు. వంటగదిలో పొద్దున్నే ఎండ. మా కోడలి మిషను బాల్కనీ తలుపు దగ్గర పెట్టాం, సాయంత్రం దాకా వెలుతురు. బాల్కనీకి ఇనప కమ్మీలు, నీలం రంగు. మన క్వార్టర్సులో ఉండేవి చూడు, వర్షం పడితే మెరిసేవి, సరిగ్గా అదే నీలం.”

మిషను దగ్గరున్న టేపక్క తలెత్తి చూసింది. కమ్మీలు బూడిద రంగువి. బిల్డరు అన్ని అంతస్తులకీ అదే వేశాడు. ఏదో అనబోయి ఊరుకుంది. అత్తగారి మొహం వెలిగిపోతోంది. పదిహేడేళ్ళ పిల్లగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో తనతో పాటున్న మనిషితో మాట్లాడుతోంది ఆవిడ.

ఆ సంగతి మొగుడి చెవిన వేసింది. ఆదివారం పొద్దున్నే ఆయన రంగు డబ్బా, బ్రష్షు పట్టుకుని, పాత లుంగీ కట్టి బాల్కనీలో చతికిలబడ్డాడు. ప్రెస్సులో రంగులు కలిపి కలిపి అలవాటైన చెయ్యి. ఆ నీలం ఎలాంటిదో ఆయనకి గుర్తుంది. ఆ క్వార్టర్సులోనే పుట్టి పెరిగాడు.

వాసనకి అత్తగారు వచ్చేసింది. “ఏమిటిది? రంగు వాసన. ఎవరింట్లో?”

“మనింట్లోనే అత్తయ్యా,” అంది టేపక్క. “కమ్మీలకి వేస్తున్నారు.”

“ఏం రంగు?”

“నీలమే. కాస్త వెలిసినట్టుంటేనూ, మళ్ళీ అదే వేస్తున్నారు.”

అత్తగారు కమ్మీల వైపు తిరిగింది. పెదవి చివర నవ్వు దాచుకోవాలని చూసింది గాని దాగలేదు. 

“మూడు నెలలకే వెలిసిపోయిందా?” అంది. “ఆ బిల్డరుకి ఫోన్ కలుపు, నేను మాట్లాడతాను.”